టక్... టక్... ఏసీ ఏదో చెబుతోంది!

కారు ఏసీ సరిగ్గా చల్లబడటం లేదంటే చాలు... చుట్టుపక్కల వాళ్లంతా ఒకే సలహా ఇస్తారు: 'గ్యాస్ పట్టించండి'. చాలాసార్లు ఆ సలహా తప్పు. కంప్రెసర్ నాలుగు క్షణాలు తిరిగి ఆగి, మళ్లీ తిరిగి మళ్లీ ఆగుతోందంటే దానికో కారణం ఉంటుంది. అదేమిటో తేల్చుకోకుండా గ్యాస్ కొట్టిస్తే వందల్లో పోవాల్సింది వేలల్లోకి వెళుతుంది. అసలే కడప జిల్లా ఎండలు. మరి ఆ కారణం కనిపెట్టడమెలా?

మే నెల. ప్రొద్దుటూరులో మిట్టమధ్యాహ్నం. ఇంట్లో పెళ్లి పెట్టుకుని నగలు కొనడానికి పల్లె నుంచి ఓ కుటుంబం కారులో వచ్చిందనుకుందాం. ఊరి బయట దాకా ఏసీ బ్రహ్మాండంగా ఉంది. బంగారు అంగళ్ల బజారులోకి వచ్చేసరికి బండి అడుగులో అడుగు వేస్తోంది. ముందు ఆటో, వెనక స్కూటర్లు. బానెట్ కింద 'టక్'మని చప్పుడు. చల్లగాలి కాస్తా వేడిగాలి అయిపోయింది. మళ్లీ 'టక్'. కాస్త చల్లన. మళ్లీ వేడి.

''ఏం నాయనా, ఏసీ ఏసినావా లేదా?'' వెనక సీట్లోంచి జేజి కేక.

''ఏసినా జేజీ... అదే ఆగి ఆగి వస్తాంది!''

ఇక జమ్మలమడుగుకు వెళదాం. పర్యటకులను గండికోటకు తిప్పి పొట్టపోసుకునే ఓ డ్రైవరు. కారు అతని సొంతమే, కాకపోతే ఇంకా కంతులు కడుతున్నాడు. ఏసీ లేదంటే బాడుగ రాదు. అందుకే ఎండాకాలం మొదలవగానే మెకానిక్ దగ్గరికి పరుగు.

''అన్నా, గ్యాస్ కొట్టు. సాయంత్రం గండికోటకు ట్రిప్పుంది.''

''పోయిన ఎండాకాలం కొట్టిస్తివి గదప్పా. ఆ గ్యాస్ ఏడికి పోయింది?''

మూడోది పులివెందులలో. చీనీ తోటలున్న ఓ రైతు తల్లిని బెంగళూరు ఆసుపత్రిలో చూపించాలని వేకువనే బయల్దేరాడు. బ్లోయర్‌ను ఆఖరి నంబరు మీద పెట్టినా గాలి సన్నగానే వస్తోంది. కంప్రెసర్ మాత్రం పట్టుకోవడం, వదిలేయడం... అదే పనిగా చేస్తోంది. ముందు సీటు కాస్త నయం. వెనక కూర్చున్న తల్లికి చెమటలు ఆగడం లేదు.

ఈ ముగ్గురూ ఊహించుకున్నవాళ్లే. జబ్బులు మాత్రం నిజమైనవే. మూడు కార్లలోనూ కనిపించేది ఒకటే... కంప్రెసర్ ఊరికూరికే ఆగిపోవడం. కారణాలు మాత్రం మూడూ వేర్వేరు. అసలు చిక్కంతా అక్కడే!

కుండలో నీళ్లే గురువు

ఎండాకాలం కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ పైకి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. కారు ఏసీ చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ నీళ్ల బదులు ఆర్-134ఎ అనే గ్యాస్ ఉంటుంది. మామూలు గాలి పీడనం దగ్గర ఇది మైనస్ 26 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. కొన్నేళ్లుగా కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే మరో రకం వాడుతున్నారు.

డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో ఈ గ్యాస్ ద్రవం నుంచి ఆవిరిగా మారుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ లాగి గట్టిగా నొక్కుతుంది. నొక్కితే అది మరింత వేడెక్కుతుంది కదా! అలా వేడెక్కిన గ్యాస్ రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లోకి వెళ్లి, వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. డ్రయ్యర్‌లో తేమ వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నటి దారిగుండా మళ్లీ కాయిల్‌లోకి చేరుతుంది. ఇలా ఒక చక్రం. ఇందులో గ్యాస్ ఎక్కడా ఖర్చు కాదు. పెట్రోలు తరిగినట్టు తరగదు.

కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే, బెల్టు ద్వారా. ఇంజిన్ నడిచినంతసేపూ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. కరెంటు అందినప్పుడు అయస్కాంతపు క్లచ్ ముందున్న ప్లేటును లాక్కుని పుల్లీకి అతికిస్తుంది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది. మనకు వినిపించే 'టక్' అదే.

మొదట్లో ఈ సుఖం లేదు. అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లలో ఏసీ అమర్చింది. దానికి క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, కిందికి దిగి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాల్సిందే! ఈ రోజుల్లో అదే పనిని క్లచ్ క్షణంలో చేస్తోంది. మరి దానికి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తిరగాలో చెప్పేదెవరు?

ముగ్గురు కాపలాదారులు

మొదటిది- కూలింగ్ కాయిల్ దగ్గరుండే సెన్సర్. కాయిల్ ఉష్ణోగ్రత సున్నా దరిదాపుల్లోకి వస్తే కంప్రెసర్‌ను ఆపమంటుంది. లేకపోతే కాయిల్ మీది తేమ మంచుగడ్డ కట్టి గాలికి దారి మూసేస్తుంది.

రెండోది- పీడనం ఎక్కువైతే ఆపేది. కండెన్సర్ వేడిని వదల్లేకపోతే పైపుల్లో పీడనం పెరిగిపోతుంది. అది సుమారు 400, 450 పీఎస్‌ఐ దాకా వెళితే పైపులు, కంప్రెసర్ దెబ్బతినకుండా ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను వదిలించేస్తుంది.

మూడోది- పీడనం మరీ తక్కువైతే ఆపేది. గ్యాస్‌తోపాటే కంప్రెసర్‌కు కావాల్సిన నూనె కూడా తిరుగుతుంటుంది. గ్యాస్ లేకపోతే నూనె అందదు. నూనె అందకపోతే కంప్రెసర్ అరిగి బిగుసుకుపోతుంది. అందుకే ఈ జాగ్రత్త.

వీటికి తోడు ఇంజిన్ కంప్యూటర్ కూడా ఓ చెయ్యి వేస్తుంది. ఓవర్‌టేక్ చేయడానికి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కాసేపు ఏసీని ఆపుతుంది. అది మామూలే. ఇంజిన్ వేడెక్కిపోయినా ఆపుతుంది. అది మాత్రం మామూలు కాదు, వెంటనే బండి పక్కకు పెట్టాలి.

అంటే కంప్రెసర్ ఆగడం జబ్బు కాదు. ఎవరో ఒక కాపలాదారు 'ఆగు' అంటేనే అది ఆగుతోంది. ఆ కాపలాదారు ఎవరో తెలిస్తే జబ్బు సగం దొరికినట్టే.

ఎన్నిసార్లు ఆగితే తేడా?

చలికాలం పొద్దునో, వాన కురిసిన సాయంత్రమో కంప్రెసర్ తరచూ ఆగడం సహజం. కారు తొందరగా చల్లబడుతుంది కాబట్టి దానికి పని తక్కువ. 42, 43 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారులో ఏసీ వేస్తే మాత్రం అది మొదట్లో నిమిషాల తరబడి ఆగకుండా తిరగాలి. అలాంటప్పుడు కూడా అయిదు, పది సెకన్లకోసారి ఆగుతుంటే ఏదో తేడా ఉన్నట్టు.

ఇంకో మాట. కొత్త కార్లు కొన్నింటిలో తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుని, పెంచుకునే కంప్రెసర్లు ఉంటాయి. కొన్నింటికి క్లచ్చే ఉండదు. వాటి దగ్గర 'టక్' శబ్దం కోసం చెవి ఒగ్గి లాభం లేదు.

ప్రొద్దుటూరు కారు: గాలాడటం లేదు

రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు బాగుండి, బజారులో ఆగితే వేడిగాలి వస్తోందంటే అనుమానం కండెన్సర్ మీదికి పోవాలి. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది. బండి ఆగితే ఆ పని ఫ్యాను చేయాలి. ఫ్యాను తిరగకపోయినా, మెల్లగా తిరిగినా, కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకున్నా పీడనం పైకెగుస్తుంది. రెండో కాపలాదారు ఆపేస్తుంది. కాసేపటికి పీడనం దిగి మళ్లీ మొదలు.

ఈ ప్రాంతంలో దుమ్ముకు కొదవా? ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. దారి పొడవునా నాపరాయి కోసే, పాలిష్ పట్టే యూనిట్లు. ఆ తెల్లటి పొడి, పత్తి లారీల నుంచి ఎగిరే దూది, రాత్రుళ్లు లైట్లకు వచ్చి గుద్దుకునే పురుగులు... అన్నీ చేరేది బండి మూతికే. పైకి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య మాత్రం దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

దీనికో తేలికైన పరీక్ష ఉంది. ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద పైపుతో నీళ్లు సన్నగా చిలకరించాలి. ఆగడం తగ్గి చల్లగాలి మొదలైతే కారణం తెలిసిపోయినట్టే. ఆ తర్వాత చేయాల్సింది ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు చూసుకుని కండెన్సర్ కడిగించడమే. కడిగేటప్పుడు నీళ్ల వేగం తక్కువగా ఉండాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఫ్యాను ఏ క్షణాన్నయినా తిరగొచ్చు, వేళ్లు దూరంగా ఉంచాలి.

ఇక్కడే ఆ 'గ్యాస్ పట్టించండి' సలహా కొంప ముంచేది. పీడనం ఎక్కువై ఆగుతున్న బండికి మరింత గ్యాస్ ఎక్కిస్తే పీడనం ఇంకా పెరుగుతుంది. ముందు రోజు పది సెకన్లు తిరిగింది మర్నాడు అయిదు సెకన్లకే ఆగుతుంది!

జమ్మలమడుగు కారు: ఆ గ్యాస్ ఏడికి పోయింది?

మెకానిక్ అడిగిన ఆ ప్రశ్నే అసలు ప్రశ్న. ఏటా గ్యాస్ కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఏళ్ల తరబడి నడిచే బండిలో కొద్దికొద్దిగా తగ్గొచ్చుగానీ ఒక్క ఏడాదిలో ఖాళీ అవకూడదు.

గ్యాస్ కాస్త తగ్గితే కాయిల్ మొత్తం చల్లబడదు. గ్యాస్ లోపలికి వచ్చేచోట మాత్రం మంచులా అవుతుంది. సెన్సర్ అక్కడే ఉంటే కారు చల్లబడకముందే 'ఆగు' అంటుంది. ప్రెషర్ స్విచ్ తక్కువ పీడనం వైపు అమర్చిన బళ్లలోనైతే కంప్రెసర్ తిరగ్గానే పీడనం పడిపోయి, ఆగ్గానే పెరిగి... క్షణక్షణానికీ 'టక్ టక్'. స్విచ్ రెండో వైపున్న బళ్లలో గ్యాస్ దాదాపు ఖాళీ అయితే కంప్రెసర్ అసలు కదలనే కదలదు.

కారే చోటును ఎలా పట్టుకోవాలి? గ్యాస్‌తోపాటు నూనె కూడా బయటికి వస్తుంది. జాయింట్ల దగ్గర, కండెన్సర్ మీద, కంప్రెసర్ ముందు భాగంలో జిడ్డుగా దుమ్ము పట్టిన మరక కనిపిస్తే అదే గుర్తు. కంకర రోడ్ల మీద ఎగిరిన రాయి కండెన్సర్‌కు తగలొచ్చు. రబ్బరు ఓ-రింగులు ఎండకు గట్టిపడి పగలొచ్చు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగు పూస్తే బుడగలు వస్తాయి. సన్నటి లీకులకైతే రంగు కలిపి ప్రత్యేకమైన లైటు వేసి చూస్తారు. ఆక్సిజన్ ఎక్కించి చూడటం మాత్రం ప్రాణాంతకం. నూనెతో కలిసి పేలిపోతుంది.

ఓ-రింగ్ ఖరీదు పదుల్లో. కంప్రెసర్ ఖరీదు వేలల్లో. లీకు చూడకుండా ఏటా గ్యాస్ మాత్రమే కొట్టించుకుంటూ పోతే కారిన ప్రతిసారీ కాస్త నూనె తగ్గుతుంది. ఒకనాడు కంప్రెసర్ బిగుసుకుపోతుంది. అప్పుడు వచ్చే లోహపు పొడి కండెన్సర్‌లోకీ, వాల్వ్‌లోకీ చేరుతుంది. అవీ మార్చాలి. బాడుగ మీద బతికే డ్రైవరుకు అది కొన్ని నెలల కంతు డబ్బు!

పులివెందుల కారు: ముక్కు మూసుకుపోయింది

బ్లోయర్ శబ్దం చేస్తోంది, గాలి మాత్రం రావడం లేదు. కాయిల్ తొందరగా చల్లబడిపోతోంది, ఆ చల్లదనం సీట్ల దాకా చేరడం లేదు. మొదటి కాపలాదారు 'ఇక చాలు' అంటోంది. ఇది గాలి దారి మూసుకుపోయిన లక్షణం. చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. తోటల్లో, మట్టిబాటల్లో తిరిగే బండికి అది త్వరగా నిండిపోతుంది. తీసి చూస్తే దుమ్ము, ఎండుటాకులు, అప్పుడప్పుడూ ఎలుక తెచ్చిపెట్టిన గూడు కూడా! మార్చడానికి పది నిమిషాలు చాలు.

దీనికి తిరగేసిన జబ్బు ఇంకోటుంది. సెన్సర్ పాడైనా, ఉండాల్సిన చోటు నుంచి జారినా కంప్రెసర్ అస్సలు ఆగదు. గంట, రెండు గంటల ప్రయాణం తర్వాత కాయిల్ మీద మంచు కట్టి గాలి ఆగిపోతుంది. టీ తాగడానికి బండి ఆపి మళ్లీ బయల్దేరితే కాసేపు బాగుంటుంది. కారు కింద మామూలుకన్నా ఎక్కువ నీళ్లు కనిపిస్తాయి. తరచూ ఆగడం ఒక జబ్బయితే, ఎప్పటికీ ఆగకపోవడం మరో జబ్బన్నమాట.

ఇవి కాక కరెంటు తరహా కారణాలూ ఉన్నాయి. అరిగిన క్లచ్ ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు పెరిగితే వేడెక్కాక అయస్కాంతం పట్టు చాలక జారిపోతుంది. చల్లారాక మళ్లీ పట్టుకుంటుంది. రిలే, వదులైన వైరు, బలహీనమైన బ్యాటరీ... ఇవీ అంతే.

గేజీలు ఏమంటాయి?

మంచి మెకానిక్ ముందు అడుగుతాడు, తర్వాత వింటాడు, ఆ తర్వాతే గేజీలు తగిలిస్తాడు. ఆర్-134ఎ బండిలో 40 డిగ్రీల ఎండకు తక్కువ పీడనం వైపు సుమారు 30 నుంచి 50, ఎక్కువ పీడనం వైపు 220 నుంచి 275 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. బండినిబట్టి కాస్త అటూ ఇటూ. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తగ్గినట్టు. రెండూ ఎక్కువైతే కండెన్సర్ సరిగ్గా చల్లబడకపోవడమో, గ్యాస్ ఎక్కువవడమో, లోపల గాలి చేరడమో. చిన్నది ఎక్కువ, పెద్దది తక్కువ చూపిస్తే కంప్రెసర్ బలం తగ్గినట్టు. చిన్నది సున్నాకు దిగిపోతుంటే ఎక్కడో దారి పూడుకున్నట్టు.

ఇంజిన్ ఆపి ఉంచిన బండిలో గేజీ చూసి 'గ్యాస్ నిండుగా ఉంది' అనడం మాత్రం పొరపాటు. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా చాలు, 40 డిగ్రీల దగ్గర గేజీ 130 దరిదాపుల్లోనే చూపిస్తుంది. వంట గ్యాస్ సిలిండర్ సగమున్నా, పావున్నా లోపలి పీడనం ఒకేలా ఉన్నట్టే ఇదీ. సిలిండర్‌లో ఎంతుందో తూకమే చెప్పాలి. కారు ఏసీకీ అంతే. ఎంత గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కరు మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ఉన్నదంతా యంత్రంతో తీసి, లీకు సరిచేసి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి, ఆ తర్వాత తూచి ఎక్కించడమే సరైన పద్ధతి. వ్యాక్యూమ్ ఎందుకంటే, లోపల మిగిలిన గాలి పీడనాన్ని పెంచుతుంది. తేమ నూనెను పాడుచేస్తుంది.

చౌకగా వస్తుందని వంటగ్యాస్ లాంటి మండే వాయువులు ఎక్కించే చోటికి అస్సలు వెళ్లకూడదు. లీకైతే అది చేరేది మన కారులోకే! ఒక రకం గ్యాస్‌లో మరో రకం కలపడమూ తప్పే.

కారిన గ్యాస్ మన జేబుకే కాదు, ఊరికీ బరువే. పాత ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరకు చిల్లి పెడుతోందనే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచమంతా దాన్ని వదిలించుకుంది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌ను ఏమీ చేయదుగానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా 1300 రెట్లకు పైనే. అందుకే దీన్ని కూడా తగ్గించుకుంటూ పోవాలని 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకొన్నాయి. మన దేశం 2021లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. మనం చల్లగా ఉండటానికి వాడే గ్యాస్ కారిపోయి మన ఎండల్నే పెంచుతుందంటే... అంతకన్నా నష్టం ఇంకేముంది?

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు...

* బండి నిలిపి, ఏసీ వేసి, గడియారం చూస్తూ కంప్రెసర్ ఎన్ని సెకన్లు తిరిగి ఎన్ని సెకన్లు ఆగుతోందో రాసుకోండి.

* బండి నిలిచినప్పుడు ఎక్కువా, పరుగెత్తేటప్పుడు ఎక్కువా? పొద్దునా, మధ్యాహ్నమా? మొదట్లోనా, గంట తర్వాతా? ఇవి చెబితే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

* ఏసీ వేయగానే ముందున్న ఫ్యాను తిరుగుతోందా, క్యాబిన్ ఫిల్టర్ శుభ్రంగా ఉందా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. ఖర్చు లేదు.

* గ్యాస్ పైపులు మాత్రం సొంతంగా విప్పొద్దు. ద్రవం చర్మానికి తగిలితే మంచుకాటు వేస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

* గ్యాస్ కొట్టిస్తానని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి- 'ఉన్న గ్యాస్ ఎక్కడికి పోయింది?'. జవాబు రాకపోతే ఇంకో అంగడి చూసుకోండి.

* ఏసీ బాగున్నా, బాగాలేకపోయినా ఎండలో నిలిపిన కారులో పిల్లల్ని, పెద్దవాళ్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు.

ప్రొద్దుటూరు కారుకు కావాల్సింది ఓ బకెట్టు నీళ్లు, తిరిగే ఫ్యాను. జమ్మలమడుగు కారుకు ఓ చిన్న రబ్బరు రింగు, తూచి పట్టిన గ్యాస్. పులివెందుల కారుకు కొత్త ఫిల్టరు. ముగ్గురిలో ఎవరికీ కొత్త కంప్రెసర్ అక్కర్లేదు. తమ బండికి వచ్చిన జబ్బేమిటో బండే చెబుతోంది, 'టక్ టక్'మని. వినాలంటే బ్లోయర్ కాస్త తగ్గించి, పాటలు ఆపి, చెవి పెట్టాలి... అంతే!